హాజరు

తోట ఇల్లు, నూజివీడు
ఏప్రిల్ 16, 1961

బంగారంలాంటి మా అక్కయ్యకి చిట్టి ప్రేమతో,

నీ కార్డు అందింది. ‘బతికున్నావో లేదో ఒక్క ముక్క రాసి చావు’ అని ఆశీర్వదించావు. బతికే ఉన్నానక్కా. రసాలు కోతకు దగ్గరపడ్డాయంటే మా ఇంట్లో ఎవరు బతికున్నారో చూసుకునే తీరిక ఎవరికీ ఉండదు, అంతే. ఊళ్లో ఇంటికి తాళం పెట్టి, చాట్రాయి దారిలో ఉన్న తోట ఇంటికి మారాం. మామగారు, మీ మరిది, నేను. అత్తగారు పోయాక ఈ ఇంట్లో ఆడగొంతు నాదొక్కటే. అది కూడా వినిపించకూడదని మామగారి అభిప్రాయం. ఆయన ఇటు నుంచి వస్తుంటే తోటలో కూలీలు అటు నుంచి తప్పుకుంటారు.

మీ మరిది మాత్రం వెన్న. పాప పోయి ఏడాది దాటినా నేనింకా మధ్యాహ్నం పూట ఉయ్యాల కొక్కెం వైపు చూస్తూ కూర్చుంటానని, బెజవాడ డాక్టరు రాసిన మాత్ర తానే అరచేతిలో పెట్టి మింగిస్తారు. ఊళ్లోకి వెళ్లినప్పుడల్లా మల్లెపూలు తెస్తారు. ‘మురళీకృష్ణలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి’ అని నువ్వన్న మాట నిజమేనే.

ఇక్కడ నాకున్న కాలక్షేపం సవరమ్మ. ఎరుకల మనిషి. కాయలు ఎగుమతి చేసే గంపలన్నీ వాళ్ల గూడెం వాళ్లే అల్లుతారు. ఆమె మనవరాలు మంగమ్మ, నీ పద్మ ఈడు పిల్ల, నాకు గంప అడుగు కట్టడం నేర్పుతోంది. వీళ్లింటి వాళ్లు ఎడంచేతి వైపు నుంచి మొదలుపెట్టి నడుమ ఒక చిన్న మెలిక వేస్తారు. అలా వేసేవాళ్లు గూడెంలో ఇంకెవరూ లేరట. నేనల్లిన గంప చూసి ఆ పిల్ల ఏమందో తెలుసా? “అమ్మగోరి గంపలో కాయేస్తే కాయే సిగ్గుపడిద్ది” అంది. నవ్వలేక చచ్చాను. నేను నవ్వి ఎన్నాళ్లయిందో!

ఒకటి మాత్రం నాకు మింగుడు పడటం లేదు. మా వాకిట్లో వేపచెట్టుకి రైలు పట్టా ముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. దీపాలు పెట్టే వేళకి మామగారు సుత్తి తీసుకుని దాన్ని మోగిస్తారు. గూడెంలో మీసం వచ్చిన ప్రతి మగవాడూ పరుగున వచ్చి, వరసగా గొంతుక్కూర్చుని, తల దించుకోవాలి. మామగారు పేరు పిలిస్తే “ఉన్నా” అనాలి. దీన్ని హాజరు అంటారు. తెల్లవాళ్ల కాలంలో వీళ్లని పుట్టుకతోనే దొంగలని చట్టం చేశారు కదా, అప్పటి అలవాటు. చట్టం రద్దయి ఎన్నో ఏళ్లయిందని మన ప్లీడరు బావ చెప్పగా విన్నాను. అదే సవరమ్మతో అంటే, “చట్టం పోయిందంటమ్మగోరూ. ఆ ఇనప ముక్క పోలేదుగా” అంది. ఆమె కొడుకు రాయప్ప మంచి ఎత్తరి. అంత మనిషీ ఆ మోత వినగానే ఒంట్లో ఎముకలు లేనట్టు కిందికి కూలబడతాడు. చూడలేను.

రాయప్ప చెల్లెలు తిరపతమ్మ నిరుటి కోతల్లో కనిపించకుండా పోయింది. పోలీసులు అడగనైనా అడగలేదు. “వాళ్ల పిల్లల్ని వాళ్లే అమ్ముకుంటారు” అని మామగారు తేల్చేశారు. ఆ పిల్ల మాట వస్తే సవరమ్మ వెదురు చీల్చడం ఆపేసి తోట వైపు చూస్తుంది.

పద్మను సెలవులకి పంపిస్తానన్నావు. కాయ ఇంకా ముదరలేదు. పండు పడ్డాక నేనే రాస్తాను. దానికి చిన్న రసాలు ఒక గంప దాచి ఉంచుతాను, నా వంకర గంపలోనే.

నీ చిట్టి

* * *

తోట ఇల్లు
మే 11

అక్కయ్యా,

పద్మను ఇప్పుడే పంపవద్దు. ఎందుకో చెబుతాను, కంగారు పడకు.

కాయ కోయడానికి ఊళ్లోంచి వచ్చే వెంకాయమ్మ కూతురు సీతమ్మ కనిపించడం లేదు. రాలిన కాయలు ఏరుకుంటానని సాయంత్రం తోటలోకి వెళ్లిన పిల్ల మళ్లీ రాలేదు. తిరపతమ్మ పోయినప్పుడు తుమ్మినవాడు లేడు. ఇప్పుడు ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని ఎరుకల గూడెం మీద పడి, అందర్నీ మా వాకిట్లోకి లాక్కొచ్చింది. ఆడవాళ్లని కూడా వదల్లేదు. రాయప్ప చెయ్యి విరిగింది. వెంకాయమ్మ సవరమ్మ జుట్టు పట్టుకుని “నా కూతుర్ని ఎక్కడ అమ్మావే” అని ఈడ్చింది. అంతా మా వాకిట్లోనే, నా కళ్లముందే జరిగింది.

అక్కా, సీతమ్మ తప్పిపోయింది హాజరు వేళ. ఆ వేళకి గూడెం మగవాళ్లంతా మా వేపచెట్టు కింద కూర్చుని ఉన్నారు. కిటికీలోంచి నేను చూశాను. ఉండబట్టలేక మామగారితో అనేశాను.

“మామగారూ, వాళ్లంతా ఆ వేళ మన వాకిట్లోనే ఉన్నారు కదండీ. మీరే కదా పిలిచింది?”

ఆయన నా వైపు తిరిగారు. “దొంగజాతమ్మా అది. ఇక్కడ కూర్చునే అక్కడ చేస్తారు. నువ్వు లోపలికెళ్లు” అన్నారు.

చుట్టూ ఉన్న పెద్దమనుషులంతా తలూపారు. ఒక్కడికైనా నవ్వు రాలేదు. రోజూ తామే కాపలా కాసి కూర్చోబెట్టిన మనుషుల్ని, ఆ వేళకే ఇంకోచోట దొంగతనం చేశారని కొడుతున్నారు. ఇంతమందిలో నాకొక్కదానికే అది వింతగా కనపడిందంటే, పిచ్చి నాకా వాళ్లకా అని అనుమానం వచ్చింది.

ఇంకొకటి రాయాలి. ఇంటి వెనక కాయ మగ్గవేసే కొట్లు ఉన్నాయి. వరిగడ్డి పరిచి, కాయ పేర్చి, మళ్లీ గడ్డి కప్పి తలుపు బిగిస్తారు. పండు పడేదాకా ఆ తలుపు తియ్యరు. తీస్తే లోపలి వేడి పోయి కాయ మగ్గదు. ఆడవాళ్ల నీడ పడితే కాయ కుళ్లుతుందని మమ్మల్ని ఆ దరిదాపులకి రానివ్వరు. మొన్న మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు ఆ చివరి కొట్టు లోపలి నుంచి చప్పుడు విన్నాను. ఎవరో అరచేత్తో తలుపు తట్టినట్టు. ఆగి ఆగి తట్టారు. నా కాళ్లు నన్ను అక్కడికి తీసుకెళ్లాయి. “ఎవరూ?” అన్నాను. చప్పుడు ఆగిపోయింది. వెనక నుంచి మీ మరిది వచ్చి నా భుజం పట్టుకున్నారు.

“ఎలకలు కల్యాణీ” అన్నారు. “పాప పోయిన దగ్గర్నుంచీ నీకు ప్రతి చప్పుడూ పిల్లల చప్పుడులాగే ఉంటోంది. ఇవాళ్టి నుంచి రెండు మాత్రలు వేసుకో.”

ఆయన కళ్లనిండా నీళ్లక్కా. నాకు సిగ్గేసింది. పాప పోయిన కొత్తలో నేను నిజంగానే ఖాళీ ఉయ్యాల ఊపాను కదా, నువ్వూ చూశావు. నా చెవుల్ని నేనెలా నమ్మను?

కానీ ఆ కొట్టు తెరిచినప్పుడు కాయ మగ్గలేదు. మిగతా కొట్లన్నీ ఘుమఘుమలాడుతున్నాయి, దాంట్లో మాత్రం సగం పచ్చిగా, సగం ముడుతలు పడి ఉంది. మామగారు నానా తిట్లూ తిట్టారు. కోడలు తలుపు దగ్గరికి పోయినందుకే ఇలా అయిందన్నారు. ఒక్కసారి బయట నిలబడితే కొట్టంతా పాడవుతుందా? ఎవరో రోజూ ఆ తలుపు తీస్తున్నారని నా మనసు చెబుతోంది. ఆ కొట్టు తాళంచెవి మామగారి మొలతాడుకే ఉంటుందట. మీ మరిదే చెప్పారు. అప్పటి నుంచి మామగారికి అన్నం వడ్డించి, మొహం చూడకుండా లోపలికి వచ్చేస్తున్నాను. ఈ మాట మీ మరిదితో ఎలా అనను? కన్నతండ్రి కదా.

బావతో చెప్పి ఏం చెయ్యాలో రాయించు. ఈ ఉత్తరం మీ మరిదికే ఇస్తున్నాను పోస్టులో వెయ్యమని. బాగా అంటించాను.

నీ చిట్టి

* * *

నూజివీడు
మే 24

మహారాజశ్రీ వరలక్ష్మి అక్కయ్యగారికి నమస్కారములు.

ఇక్కడ మేమందరమూ క్షేమము. మీరందరూ క్షేమమని తలచెదను. ఈ ప్రాంతంలో ఆడపిల్లలు తప్పిపోతున్నారని ఏవేవో కబుర్లు మీ చెవిని పడి ఉండవచ్చును. అవి నమ్మవద్దు. అదంతా ఎరుకలవాళ్ల పని. పోలీసువారు తగిన చర్య తీసుకుంటున్నారు. నా ఆరోగ్యం కొంత నలతగా ఉన్నందున మనసు నిలకడగా ఉండటం లేదు. మా వారు నన్ను కంటికి రెప్పలా చూసుకుంటున్నారు.

చిరంజీవి పద్మను వెంటనే పంపించవలెను. పిల్ల దగ్గర ఉంటే నాకు మందుకన్నా మేలని డాక్టరుగారు కూడా అన్నారు. వచ్చే శుక్రవారం బస్సు ఎక్కించండి. మా వారు స్వయంగా హనుమాన్ జంక్షనుకి వచ్చి దించుకుంటారు.

ఇట్లు,
కల్యాణి

* * *

ఎరుకల గూడెం
మే 31

అక్కయ్యా, నా తల్లీ,

పద్మను పంపకు. ఇంకేం చదివినా చదవకపోయినా ఈ ముక్క చదువు. పెట్టె సర్ది ఉంటే విప్పేయి. నా చేతిరాతతో వచ్చిన ఆ ఉత్తరం నాది కాదు. మా ఆయన పక్కన కూర్చుని ఒక్కో మాటా చెబుతుంటే రాశాను. నిన్ను నేనెప్పుడైనా మహారాజశ్రీ అన్నానా? మీరు అన్నానా? చిట్టి అని కాకుండా ఎప్పుడైనా సంతకం పెట్టానా? ఆ పిలుపూ ఆ సంతకమూ మాత్రం నేనే అలా పెట్టాను, ఆయన చూస్తుండగా చెయ్యగలిగింది అదొక్కటే. నువ్వు పోల్చుకున్నావో లేదోనని ఈ వారమంతా అన్నం సయించలేదు.

మే పదకొండున రాసిన ఉత్తరం ఆయన పోస్టు చెయ్యలేదు. చదివి పెట్టెలో దాచుకున్నారు. దీంతోపాటు పెడుతున్నాను, ముందు అది చదువు. అందులో నేను మామగారిని అనుమానించాను. అది చదివాక కూడా ఆయన కాదనలేదు. “నాన్న సంగతి నేను చూసుకుంటాను, నువ్వు బెంగపడకు. ముందు పద్మని రానియ్యి. బెజవాడ ప్లీడరుగారి కూతురు మనింట్లో తిరుగుతుంటే ఈ ఇంటిని ఎవడూ వేలెత్తి చూపలేడు” అన్నారు. కన్నతండ్రిని నా కళ్లముందు దోషిలా నిలబెట్టి, ఆయన మల్లెపూలు తెచ్చి నా తలలో పెట్టారు. 

పద్మను పంపమన్న ఉత్తరం పోస్టుకి వెళ్లిన మర్నాడు మంగమ్మ కనిపించకుండా పోయింది. నా వంకర గంపని చూసి నవ్విన పిల్ల. అది కూడా హాజరు వేళే. ఈసారి ఊరు కదల్లేదు. “పోలీసులకి జడిసి వాళ్లే దాచి ఉంటారు” అనుకుని ఊరుకున్నారు. ఆ రోజు నుంచి నేను మాత్రలు మింగడం మానేశాను. నాలిక కింద పెట్టుకుని, ఆయన అటు తిరగ్గానే మామిడి టెంకల గోతిలో ఉమ్మేశాను.

కోతల కాలమంతా మధ్యాహ్నం ఒక క్యారేజీ అన్నం ఆయనే స్వయంగా పట్టుకెళ్లేవారు. కావలివాడికి అనేవారు. ఎంత దయగల మనిషో అని మురిసిపోయి, నేనే గడ్డపెరుగు వేసి కట్టేదాన్ని. నిన్న ఆ క్యారేజీ కడుగుతుంటే అడుగు గిన్నెలో మెతుకులకి అంటుకుని ఏదో కనపడింది. వరిగడ్డి పోచలతో అల్లిన బొటనవేలంత చుట్ట. కడిగి అరచేతిలో పెట్టుకుని చూశాను. ఎడంచేతి వైపు నుంచి మొదలైంది. నడుమ మెలిక ఉంది.

అక్కా, ఆ పిల్లకి నా చేత్తోనే అన్నం పంపుతూ వచ్చాను. సీతమ్మకీ పంపాను. తలుపు తట్టింది సీతమ్మే, కొట్టు తెరిచేలోగా దాన్ని ఎక్కడికో తరలించేశారు. నా చెవులు నిజమే చెప్పాయి, ఎలకలని నమ్మాను.

వాకిట్లోకి వచ్చాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. మామగారు చావట్లో పడుకున్నారు, ఆయన లారీ దగ్గర ఉన్నారు. ఎవరికి చెప్పను? పోలీసులకి చెబితే నన్ను ఆయనకే అప్పగిస్తారు. కేక వేస్తే ‘పాపం కోడలికి మళ్లీ వచ్చింది’ అంటారు. అప్పుడు వేపచెట్టుకి వేలాడుతున్న ఆ పట్టా కనపడింది. సుత్తి తీసుకుని, నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాను.

వచ్చారక్కా. నడిమధ్యాహ్నం ఎందుకు మోగిందని ఒక్కరూ అడగలేదు. గంపలు వదిలేసి, కొందరు తింటున్న చేతులతోనే పరిగెత్తుకొచ్చారు. మగవాళ్లంతా వరసగా గొంతుక్కూర్చుని తలలు దించుకున్నారు. వాళ్ల వెనక భయంతో ఆడవాళ్లు వచ్చారు. మామగారు లేచొచ్చి “ఎవరు కొట్టార్రా” అని అరిచారు.

“నేనే కొట్టాను. మంగమ్మ ఆ చివరి కొట్లో ఉంది. తలుపు తియ్యండి” అన్నాను.

ఎవరూ కదల్లేదు. ఆ చెట్టు కింద వాళ్లని లేవమని చెప్పేది మామగారొక్కరే. మామగారు చెప్పలేదు. నేను సుత్తి పట్టుకుని వెళ్లి సవరమ్మ ఎదుట నిలబడి, ఆ గడ్డి చుట్ట ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ఒక్కసారే చూసింది. “ఒరే రాయప్పా, లెగరా” అంది. రాయప్ప తల ఎత్తలేదు. “నీ చెల్లెలప్పుడు ఈ చెట్టు కిందే కూకున్నావ్. నా మనవరాలప్పుడు కూడా ఈడే కూకున్నావ్. లెగరా కొడకా!” అని ఏడ్చింది. అప్పుడు లేచాడు. నా చేతిలో సుత్తి అందుకుని, బాగున్న ఒక్క చేత్తోనే తాళం బద్దలుకొట్టాడు.

మంగమ్మ గడ్డిలో ముడుచుకుని ఉంది. బతికే ఉంది. వెలుతురుకి కళ్లు మూసుకుంది. ‘సీతమ్మా తిరపతమ్మా మదరాసులో సుఖంగా ఉన్నారు, నిన్నూ లారీలో పంపిస్తాను, ఏడవకు తల్లీ’ అని రోజూ చెప్పేవారట. దానితో కూడా తియ్యగానే మాట్లాడారు.

మోత విని ఆయన పరుగున వచ్చారు. అంతమందిని చూసి ఆగి, నా దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నారు. “వీళ్ల పిల్లల లెక్క ఎవడడిగాడు కల్యాణీ? వెంకాయమ్మ కూతురి జోలికి పోవడమే నేను చేసిన పొరపాటు.” గొంతు కూడా మారలేదు. అదే వెన్నలాంటి గొంతు.

మామగారికి తెలియదు. అది నిజమేననుకుంటాను, తాళంచెవి ఆయన మొలతాడుకే ఉందన్నది కొడుకు చెప్పిన మాటే కదా. ఆ పిల్లని చూసి అరుగు మీద కూలబడ్డారు. కానీ పోలీసులు వచ్చేసరికి లేచి కండువా సర్దుకుని, “ఎరుకలవాళ్లు కొట్టు తాళం బద్దలుకొట్టారండీ” అన్నారు. ఆయన కొడుకు “పిల్ల దొంగతనానికి దూరి ఇరుక్కుంది. నా భార్యకి మతి స్థిమితం లేదు, ఇవిగో మాత్రలు” అని సీసా చూపించారు. రాయప్పనీ ఇంకొందరు మగవాళ్లనీ కట్టి తీసుకెళ్లారు. నన్ను గదిలో పెట్టమన్నారు. ఆ సందడిలో ఆయన పెట్టెలోంచి నా ఉత్తరం తీసుకుని, సవరమ్మ వెనకాలే ఇక్కడికి వచ్చేశాను. ఇక ఆ ఇంటికి వెళ్లను. పిచ్చిదాన్నని ముద్ర వేసినా సరే, కోర్టులో నిలబడి ఆయన ఎదుటే చెబుతాను. బావని మొదటి బస్సుకి పంపు. రాయప్పని విడిపించాలి, మదరాసులో ఆ పిల్లల్ని వెతికించాలి. నా మాటకి విలువ లేదనే వాళ్ల ముందు నా పక్కన నల్లకోటు ఒకటి ఉండాలక్కా.

నిన్న సాయంత్రం సంగతి ఒక్కటి రాసి ఆపుతాను. దీపాల వేళ పట్టా మోగలేదు. అయినా గూడెంలో మిగిలిన ముసలివాళ్లు లేచి, మా తోట వైపు తిరిగి నిలబడ్డారు. పాపం, కాళ్లకి అలవాటు. అప్పుడు సవరమ్మ గుడిసెల మధ్య నిలబడి, గట్టిగా “మంగమ్మా” అని పిలిచింది. గుడిసెలోంచి “ఉన్నా” అని సన్నగా వినపడింది. తర్వాత గూడెంలో ఉన్న ఒక్కో ఆడపిల్లనీ పేరుపెట్టి పిలిచింది. పాలుతాగే పిల్లలకి తల్లులే “ఉన్నా” అన్నారు. ఇన్నేళ్లూ ఈ ఊరు మగవాళ్లనే లెక్కపెట్టింది.

“తిరపతమ్మా” అంది. ఎవరూ పలకలేదు. సవరమ్మ చాలాసేపు ఆగింది.

ఇంతలో చీకట్లోంచి ఒక మనిషి వచ్చింది. వెంకాయమ్మ. మొన్న సవరమ్మని జుట్టు పట్టి ఈడ్చిన చేతులు రెండూ గుండెకి అదుముకుని, దూరంగా నిలబడి, “మా సీతమ్మని కూడా పిలవవా అక్కా” అని అడిగింది.

పిలిచింది. అందరం విన్నాం. ఎంతసేపు చూసినా జవాబు రాలేదు.

ఈ గంప తెచ్చిన మనిషి వెంకాయమ్మే. కాయల కింద గడ్డిలో ఈ ఉత్తరం ఉంది. ఆమెకి కడుపునిండా అన్నం పెట్టు. ఆ కాయలు నా వంకర గంపలోవి, పద్మకిచ్చిన మాట. తినే ముందు దాన్నొకసారి పేరుపెట్టి పిలువు. పలికిందని వెంకాయమ్మతో కబురు చెయ్యి. ఆ ఒక్క మాట వినేదాకా నాకు నిద్ర పట్టదు.

నీ చిట్టి